హాజరు పట్టీకి టి.సి. యిస్తారా?

పిల్లలూ! బడి తెరిచిన మొదటివారంలో ఆఫీసు గదిలో జరిగే తతంగం మీరు చూసే వుంటారు. నాన్న పక్కన బిక్కమొహంతో నిలబడ్డ ఓ కుర్రవాడు, బల్లమీద పెద్ద అడ్మిషను రిజిస్టరు, అందులోంచి పేరు, పుట్టినతేదీ, పుట్టుమచ్చలు ఒక కాగితం మీదికి ఎక్కిస్తున్న గుమాస్తా. ఆ కాగితమే టి.సి. దాన్ని తీసుకుని కుర్రవాడు కొత్త బడికి వెళ్లిపోతాడు. మరి వాడు రోజూ "ప్రెజెంట్ సార్" అని పలికిన హాజరు పట్టీ సంగతేమిటి? అది వాడి వెంట వెళ్లదు. పాత బడి బీరువాలోనే వుండిపోతుంది.

అలాకాక, తరగతికి తరగతే మరో బడికి మారిందనుకోండి. అప్పుడు హాజరు పట్టీని కూడా వాళ్ల వెంట పంపవచ్చా? కొత్త బడివాళ్లు దాన్ని తమ పట్టీతో కలిపి కుట్టుకోవచ్చా? ఇదేం ప్రశ్న మాస్టారూ అని నవ్వకండి. మా బడికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. కాకపోతే ఆ పట్టీ కాగితంది కాదు. ఒక వెబ్‌సైటుకు ఎవరెవరు, ఎప్పుడెప్పుడు వచ్చి పోయారో రాసుకున్న పట్టీ.

మా సైన్సు క్లబ్బుకు 2017లో పాత విద్యార్థి ఒకడు చిన్న వెబ్‌సైటు తయారుచేసి పెట్టాడు. అట్టపెట్టెకు సూదిబెజ్జం పెట్టి గ్రహణం చూడటం ఎలా, వానకొలత సీసా చేయడం ఎలా, ఇలాంటివి తెలుగులో రాసి అందులో పెట్టేవాళ్లం. చదివేవాళ్ల లెక్క తెలియాలని ఆ కుర్రవాడు గూగుల్ అనలిటిక్స్ అనే సాధనాన్ని దానికి తగిలించాడు. అదీ తన సొంత అకౌంటుతో! ఐదేళ్లు గడిచాయి. వాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. 2022 వేసవిలో ఒకరోజు ఫోను చేశాడు.

"మాస్టారూ, మన క్లబ్బు లెక్కలన్నీ నా పాత అకౌంటులోనే వున్నాయండి. ఆ అకౌంటు తీసేద్దామనుకుంటున్నాను."

"ఆగరా నాయనా! ముందు ఆ లెక్కలు బడికి పంపించు."

"పంపడమంటే కవరులో పెట్టి పోస్టు చేసేది కాదుగదండీ!"

వాడన్నది నిజమే. అది ఎందుకు నిజమో తెలియాలంటే, అసలు ఈ లెక్క ఎవరు రాస్తారు, ఎక్కడ రాస్తారు అన్నది మొదట చూడాలి.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వరు స్విట్జర్లండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో పనిచేసింది. దాన్ని నెలకొల్పిన టిమ్ బర్నర్స్ లీ ఒక విచిత్రం గమనించాడు. 1991 నుంచి 1994 దాకా ఆ సర్వరును పేజీలు అడిగేవారి తాకిడి ఏటికేడాది పదిరెట్లు పెరిగింది! ఆయనకు ఆ సంగతి ఎలా తెలిసింది? సర్వరు కూడా మన గ్రంథాలయాధికారి లాంటిదే. ఎవరు ఏ పుస్తకం అడిగినా వరసలో రాసుకుంటుంది. అడిగిన కంప్యూటరు చిరునామా, తేదీ, సమయం, అడిగిన పేజీ, అది దొరికిందా లేదా, ఎన్ని బైట్లు పంపిందీ, ఇవన్నీ ఒక్కొక్క పంక్తిగా చేరుతూ పోతాయి. దీన్ని లాగ్ అంటారు. పాత ఓడల్లో కెప్టెన్లు రాసే దినచర్యకు కూడా అదే పేరు.

అయితే ఈ లాగ్‌తో ఒక చిక్కుంది. ఒక పేజీలో పది బొమ్మలుంటే, ఆ పేజీని ఒక్క మనిషి ఒక్కసారి చూసినా లాగ్‌లో పదకొండు పంక్తులు పడతాయి. పేజీకొకటి, బొమ్మకొకటి. వీటినే "హిట్లు" అంటారు. "మా సైటుకు లక్ష హిట్లు" అని ఎవరైనా చెబితే, లక్షమంది వచ్చారని మాత్రం మోసపోకండి!

మరి మనుషుల్ని లెక్కించడం ఎలా? 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసే లూ మాంటుల్లీ అనే యువకుడు దీనికి పనికొచ్చే కిటుకొకటి కనిపెట్టాడు. దాని పేరు కుకీ. తినేది కాదు లెండి! తిరునాళ్లలో చెప్పుల దుకాణంవాడు మీ చేతికో బిళ్ల యిస్తాడు చూడండి, అలాంటిది. మీరు మొదటిసారి సైటుకు రాగానే అది మీ కంప్యూటరులో ఒక చిన్న చీటీ దాచిపెడుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ చీటీ చూసి "ఓహో, పాత మనిషే" అని గుర్తుపడుతుంది. గూగుల్ అనలిటిక్స్ చీటీలో మీ పేరు వుండదు. ఏదో చిట్టా తీసినట్టు ఎంచిన ఒక పెద్ద అంకె, దాని పక్కనే మీరు మొట్టమొదట వచ్చిన క్షణం వుంటాయి. ఆ క్షణాన్ని 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, అంటే గ్రీనిచ్ లెక్కన, ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కకట్టి రాస్తుంది.

గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అనే చిన్న కంపెనీని కొని, ఆ ఏడాది నవంబరులోనే గూగుల్ అనలిటిక్స్‌ను అందరికీ అందించింది. దీని పద్ధతి వేరు. మన సైటు ప్రతి పేజీలోను ఒక చిన్న ప్రోగ్రాము ముక్క పెట్టాలి. అందులో ఒక గుర్తింపు సంఖ్య వుంటుంది. ఎవరు పేజీ తెరిచినా ఆ ముక్క గూగుల్ కంప్యూటర్లకు కబురు చేస్తుంది: "ఫలానా సంఖ్యగల సైటుకు, ఫలానా చీటీగల మనిషి వచ్చాడు." లెక్కంతా అక్కడే రాయబడుతుంది. ముఖ్యమైన విషయం యిదే. హాజరు పట్టీ మన బడిలో లేదు. ఎక్కడో దూరాన, ఎవరి బీరువాలోనో వుంది. ఆ బీరువాలో మన అరకు తాళంచెవి ఎవరి దగ్గరుంటే పట్టీ వాళ్లది. మా తాళంచెవి బెంగుళూరులో వుందన్నమాట!

ఇప్పుడు అర సంగతి. పైన అకౌంటు, దాని లోపల ప్రాపర్టీ. అకౌంటు బీరువా అయితే ప్రాపర్టీ అందులో ఒక అర. ఒక అకౌంటులో అనేక ప్రాపర్టీలు వుండవచ్చు. ఒక బీరువాలోని అరను సరుకుతో సహా ఊడదీసి యింకో బీరువాలో బిగించడానికి గూగుల్‌వాళ్లు ఏర్పాటు చేశారు. అలా బిగించాలంటే రెండు బీరువాల మీదా హక్కు వుండాలి. ఇచ్చేవాడొక్కడు ఒప్పుకుంటే చాలదు, పుచ్చుకునేవాడి అనుమతి కూడా వుండాలి. టి.సి. పట్టుకుని వెళ్లినా కొత్త బడివారు చేర్చుకుంటేగాని కుదరదు కదా! మేము బడి పేర ఒక అకౌంటు తెరిచాం. అందులో మా పాత విద్యార్థికి కూడా అధికారం యిచ్చాం. తర్వాత ఒక ప్రశ్న అడిగింది: పాత అరను చూసే హక్కున్నవాళ్లు అలాగే కొనసాగాలా, లేక కొత్త బీరువా హక్కుదారులకే అది చెందాలా? ఈ ప్రశ్నను తొందరపడి దాటేయకూడదు. ఎప్పుడో ఒకసారి చూడటానికి అనుమతి యిచ్చిన వాళ్లంతా ఇంకా చూస్తూనే వుంటారు మరి. మేము ఆలోచించి కొత్త హక్కుదారులకే అన్నాం.

అంతే, ఐదేళ్ల లెక్క బడి అకౌంటులోకి వచ్చి కూర్చుంది. సైటు పేజీల్లో ఒక్క అక్షరం కూడా మార్చవలసిన పని రాలేదు. కారణం ఏమిటంటే, ప్రాపర్టీ చోటు మారినా దాని గుర్తింపు సంఖ్య మారదు. తమాషా ఏమిటంటే, అప్పటి గుర్తింపు సంఖ్యల్లో "యు.ఎ." అనే అక్షరాల తర్వాత అకౌంటు సంఖ్య, దాని తర్వాత ప్రాపర్టీ వరస సంఖ్య వుండేవి. మా ప్రాపర్టీ మా అకౌంటులోకి వచ్చేశాక కూడా దాని నుదుట పాత అకౌంటు సంఖ్యే వుండిపోయింది. మన దేశమంతటా 2011 జనవరి నుంచి ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చింది కదా. ఆ నంబరు మొదటి అంకెలు పాత కంపెనీవే వుంటాయి. ఇదీ అంతే.

ఇంతవరకు బాగానే వుంది. పిల్లల్లో ఒకడు లేచి అడిగాడు: "సార్, మన బడి ముఖ్య సైటుకు కూడా వేరే లెక్క వుంది కదా, రెండూ కలిపి ఒకటి చేసేస్తే పోదా?"

పోదు! అరను మార్చవచ్చుగాని రెండరల సరుకును ఒక అరలో పోయడానికి వీల్లేదు. గూగుల్‌వాళ్ల బద్ధకం వల్ల కాదు, లెక్కల్లోనే అడ్డంకి వుంది. చూడండి. సోమవారం 40 మంది, మంగళవారం 30 మంది ఒక సైటుకు వచ్చారనుకుందాం. రెండు రోజుల్లో మొత్తం ఎంతమంది? 70 అన్నారా? సోమవారం వచ్చినవాళ్లలో 12 మంది మంగళవారం కూడా వచ్చివుంటే జవాబు 58. మంగళవారం వాళ్లంతా సోమవారం వాళ్లే అయితే జవాబు 40. ఏ ఒక్కరూ రెండోసారి రాకపోతేనే 70. పదో తరగతివాళ్లు సమితుల సమ్మేళనం, ఛేదనం చదివే వుంటారు. రెండు సమితుల్లోని మూలకాల సంఖ్యలు మాత్రమే చెప్పి, ఛేదనం సంగతి చెప్పకపోతే, సమ్మేళనం ఎంతో చెప్పలేం. 40కి తక్కువ కాదు, 70కి ఎక్కువ కాదు, అంతవరకే. పైగా రెండు వేర్వేరు సైట్లు ఒకే మనిషికి వేర్వేరు చీటీలు యిస్తాయి. ఒకే రమణ ఒక బడిలో 17వ నంబరు, యింకో బడిలో 52వ నంబరు అయితే, పట్టీలు రెండూ పక్కపక్కన పెట్టినా వాడొక్కడేనని తెలుసుకోవడం ఎలా?

ఈ సందర్భంలో మీకు ఒక చక్కని ఆట చెబుతాను. కొంచెం దారి తప్పినా ఫరవాలేదు, మా తరగతిలో పాఠం కన్నా దీన్నే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు.

మీ తరగతిలో ప్రతి ఒక్కరూ ఒక రూపాయి బిళ్ల ఎగరేయండి. బొరుసు పడేదాకా ఎగరేస్తూనే వుండాలి. అంతకుముందు వరసగా ఎన్ని బొమ్మలు పడ్డాయో రాసుకోండి. చాలామందికి సున్నా, ఒకటి వస్తాయి. వరసగా ఆరు బొమ్మలు పడటానికి 64లో ఒక్క అవకాశం. కనుక తరగతిలో అందరికన్నా పొడుగు వరస ఆరు అయితే, ఆ తరగతిలో ఇంచుమించు 64 మంది వున్నారని, తలలు లెక్కపెట్టకుండానే ఊహించవచ్చు! ఊహ తప్పవచ్చు, ఒక అదృష్టవంతుడు చాలు లెక్క చెడగొట్టడానికి. అందుకని తరగతిని చిన్న చిన్న గుంపులుగా చేసి, ప్రతి గుంపులోని పొడుగు వరసను రాసుకుని, వాటినుంచి ఒక రకమైన సగటు కడితే తప్పు బాగా తగ్గుతుంది.

ఫ్రెంచి గణితజ్ఞుడు ఫిలిప్ ఫ్లాజొలే, ఆయన సహచరులు ముగ్గురు కలిసి 2007లో ఈ ఊహను పదునుపెట్టి హైపర్‌లాగ్‌లాగ్ అనే పద్ధతి తయారుచేశారు. ఒకటిన్నర కిలోబైట్ల చోటులో వందకోట్లకు మించిన లెక్కను కూడా సుమారు 2 శాతం తేడాతో చెప్పగలదది! ఇందులో రూపాయి బిళ్ల బదులు, ప్రతి చీటీ సంఖ్యను ఒక సూత్రం ప్రకారం కలగలిపి, ఒకట్లు సున్నాల వరసగా మారుస్తారు. ఒకే చీటీకి ఎప్పుడూ ఒకే వరస వస్తుంది. కాబట్టి అదే మనిషి పదిసార్లు వచ్చినా లెక్క మారదు.

ఇప్పుడు అసలు కిటుకు. 'ఎ' సెక్షనులో పొడుగు వరస 5, 'బి' సెక్షనులో 6 అనుకోండి. రెండు సెక్షన్లూ కలిపితే? 11 కాదు, 6! రెండింటిలో పెద్దది తీసుకోవడమే. ఒక పిల్లవాడు దొంగతనంగా రెండు సెక్షన్లలోనూ కూర్చున్నా జవాబు చెడదు. కూడితే తప్పయ్యే లెక్క, పెద్దది ఎంచుకుంటే సరిపోతోంది చూశారా! గూగుల్ ఇంజనీర్లు 2013లో ఈ పద్ధతికి ఇంకా మెరుగులు దిద్దారు. ఇప్పటి గూగుల్ అనలిటిక్స్ మనుషుల సంఖ్యను అంచనాకట్టేది దానితోనే. కాని మనకు రిపోర్టులో కనిపించేది చివరి మొత్తం మాత్రమే. గుంపుల వారీ వరసలు కనబడవు. మొత్తాలు చేతికొచ్చాక వాటిని కలపడం మళ్లీ పై చిక్కే.

ఇక మా పట్టీ కథకు వద్దాం. లెక్కలు చేతికి వచ్చాయన్న సంబరంలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. గూగుల్‌వాళ్లు 2020 అక్టోబరులోనే అనలిటిక్స్ కొత్త పద్ధతిని, అంటే నాలుగో తరాన్ని తెచ్చారు. మాది పాత పద్ధతి. అది 2023 జూలై 1న కొత్తగా లెక్క రాయడం మానేస్తుందని, 2024 జూలై 1 తర్వాత పాత లెక్క చూడటానికి కూడా కుదరదని ముందే చెప్పారు. ఆ హెచ్చరిక మాకూ వచ్చింది. పరీక్షల హడావుడి, తర్వాత ఎన్నికల డ్యూటీ, తర్వాత చూద్దాంలే అన్నాను. "పాత అరలోంచి కొత్త అరలోకి ఎలాగూ మార్చుకోవచ్చుగా, ఒకసారి మార్చాంగా" అనే ధీమా ఒకటి.

అది కుదరదని అప్పుడుగాని తెలియలేదు. పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి లెక్కలు మార్చే దారి లేదు. రెండింటి కొలతబద్దలే వేరు. పాతది "సందర్శన"ను యూనిట్‌గా తీసుకుంటుంది. అరగంట సేపు కదలిక లేకపోతే సందర్శన ముగిసినట్టు లెక్క. అంతేకాదు, అర్ధరాత్రి పన్నెండు కాగానే కూడా ముగిసినట్టే. పదకొండూ యాభైకి చదవడం మొదలుపెట్టి పన్నెండూ పదికి ముగించిన వాడు రెండు సందర్శనలు చేసినట్టన్నమాట! కొత్తది అర్ధరాత్రిని పట్టించుకోదు. పేజీ తెరవడం, కిందికి జరపడం, ఏదైనా దింపుకోవడం, ఇలా ప్రతి పనినీ ఒక "సంఘటన"గా రాస్తుంది. శేర్లలో రాసిన పద్దుల పుస్తకాన్ని కిలోల పుస్తకంలోకి ఎక్కించాలంటే శేరు ఎన్ని గ్రాములో తెలిస్తే చాలు. ఇక్కడ అలాంటి మార్పిడి సంఖ్యే లేదు.

2024 జూన్ చివరివారంలో పిల్లలు కూర్చుని నెలవారీ లెక్కలు మాత్రం దింపుకోగలిగారు. గంటలవారీ లెక్క దింపే లోపలే గడువు దాటిపోయింది. అది పోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఎందుకంటే మా సైటు నిజంగా నలుగురికీ పనికొచ్చిన రోజులు రెండే. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం, 2020 జూన్ 21 సూర్యగ్రహణం. ఆ రెండు రోజుల్లో గ్రాఫు తాటిచెట్టులా లేచి నిలబడింది. జనం ఏ గంటలో వచ్చారు, గ్రహణానికి ఎంత ముందు సూదిబెజ్జం పెట్టె గురించి వెతికారు అన్నది ఆ గంటలవారీ పట్టీలోనే వుండేది.

అదృష్టం ఏమిటంటే, కరోనా తర్వాత బడి తెరిచినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ప్రాజెక్టు కోసం ఆ రెండు గ్రాఫులనూ గ్రాఫు కాగితం మీద చేత్తో గీసింది. కిందటేడాది ప్రయోగశాల బీరువా సర్దుతుంటే, లిట్మస్ కాగితాల పెట్టె కింద ఆ రికార్డు పుస్తకం దొరికింది! ప్రపంచంలో ఆ గంటల లెక్క వున్న చోటు యిప్పుడు అదొక్కటే.

కాని గ్రాఫు చూసి పిల్లలు తెల్లబోయారు. మొదటి గ్రాఫులో తాటిచెట్టు డిసెంబరు 25 సాయంత్రం ఆరు గంటల గడిలో వుంది. రెండోది జూన్ 20 రాత్రి తొమ్మిది గంటల గడిలో వుంది. గ్రహణం ముందురోజు రాత్రే చూశారా ఏమిటి? అసలు సంగతేమిటంటే, 2017లో అనలిటిక్స్ మొదలుపెట్టినప్పుడు మా పాత విద్యార్థి గడియారం ఏ దేశానిదో మార్చలేదు. లెక్కంతా అమెరికా పసిఫిక్ తీరపు సమయంలో రాయబడింది. మేము తర్వాత భారత సమయానికి మార్చాంగాని, అది ఆనాటి నుంచి ముందుకే వర్తిస్తుంది, రాసేసిన లెక్కను దిద్దదు.

సరే, డిసెంబరులో మనం వాళ్లకన్నా 13½ గంటలు ముందు. పిల్లలు అట్లసు చూసి, ఆ మేరకు మొదటి గ్రాఫును జరిపారు. సాయంత్రం ఆరు గంటల గడి మన ఉదయం ఏడున్నర అయింది. గ్రహణం మనకు ఎనిమిది దాటాక మొదలైంది. చక్కగా సరిపోయింది! అదే 13½ గంటలు రెండో గ్రాఫుకూ కలిపారు. రాత్రి తొమ్మిది గంటల గడి మన ఉదయం పదిన్నర అయింది. గ్రహణం పట్టిందేమో పదీ పావు దాటాక. అంటే పట్టాక తీరిగ్గా వచ్చి పెట్టె ఎలా చేయాలో చదివారా? మొదటిసారి ముందే వచ్చిన జనం రెండోసారి ఎందుకు ఆలస్యం చేశారు?

లాక్‌డౌనులో అందరూ ఆలస్యంగా నిద్రలేచారని ఒకడన్నాడు. ఆదివారం కాబట్టి అని ఇంకొకడు. 2020 జూన్ 21 ఆదివారమే, ఆ మాట నిజం. వెనక బెంచీలో కూర్చున్న పిల్ల ఒకతె మాత్రం అట్లసు పక్కన పెట్టి, "సార్, అమెరికావాళ్లు ఎండాకాలంలో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకుంటారని మా బాబాయి ఫోనులో చెప్పాడండీ" అంది. 13½లోంచి ఒక గంట తీసి, గ్రాఫును 12½ గంటలు జరిపి చూశాం. తాటిచెట్టు తొమ్మిదిన్నర దగ్గరికి వచ్చి నిలబడింది.